చదివి వినిపించడమైనది

ఆ వీధిలో దస్తావేజులు చదివి వినిపించే ఆవిడకు అందరూ పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్సమ్మ. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖర్ల గదులు వరసగా ఉన్నాయి. అందులో మూడో గదిలో ఆమె ఉద్యోగం. బండెడు పేజీలున్న అమ్మకం పత్రాన్నైనా, ఎదురుగా పెట్టిన టీ చల్లారేలోగా చదివి అవతల పడేస్తుందని పేరు పడింది. కొత్తగా వచ్చినవాళ్ళకు లేఖరిగారు ఆమెను చూపించి, "మా బండి ఎక్కారంటే మధ్యలో స్టేషన్లు ఉండవండీ" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. ఇప్పుడు వాళ్ళు నవ్వుతున్నంతసేపు ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని గొంతు తడుపుకుంటోంది.

ఆస్తి ఇచ్చేవాళ్ళు సంతకం పెట్టేముందు పత్రం మొత్తం వాళ్ళకు చదివి వినిపించాలి. వినిపించినట్టు పత్రం చివర ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం అబద్ధం కాకుండా చూడడమే ఆమె ఉద్యోగం. వినిపించాలని ఉంది కాని, అర్థమయ్యేలా వినిపించాలని ఎక్కడా లేదు. అందుకని ఆమె తనకంటూ ఒక పద్ధతి చేసుకుంది. మనుషుల పేర్లు, తండ్రుల పేర్లు వచ్చినచోట గొంతు పెంచుతుంది. హద్దుల దగ్గర బాగా నిదానిస్తుంది. తూర్పున ఫలానావారి గోడ, పడమర నడిచే దారి అని చదువుతుంటే ఎంతటివాళ్ళైనా తమ ఇల్లు కళ్ళకు కట్టి, అవునవునని తలాడిస్తారు. అలా తలాడించడం అలవాటయ్యాక, "ఇకమీదట సదరు ఆస్తిలో నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కూ లేదు" అన్నచోట గొంతు దించి, ఊపిరి తీసుకోకుండా దాటేస్తుంది. ఆ ఊపులో దానికీ తలాడించేస్తారు.

ఇది ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. అక్కడ ఆగితే జనం ప్రశ్నలడుగుతారు. ప్రశ్నలడిగితే ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే లేఖరిగారి మొహం మాడిపోతుంది. చేసేది మంచిపని కాదని ఆమెకు తెలియక కాదు, తెలిసి తెలిసి అలిసిపోయింది.

ఆ సోమవారం ఒక అక్కా తమ్ముడూ వచ్చారు. తమ్ముడికి నలభై ఐదు దాటి ఉంటాయి, రంగుల దుకాణం ఉన్నట్టుంది, గోళ్ళ చుట్టూ పచ్చరంగు పట్టి ఉంది. అక్క అతనికన్నా పదేళ్ళు పెద్ద. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని. కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి చేతులు ఊరుకోలేదు. బల్లమీది కాగితాల అంచులు సరిచేసింది, తువ్వాలు మడిచింది, మళ్ళీ విప్పి ఇంకా చిన్నగా మడిచింది.

"నాన్నగారి ఇల్లు సార్. వీలునామా ఏమీ రాయలేదు. మేమిద్దరమే. పైన ఇంకో అంతస్తు వేద్దామని బ్యాంకు లోనుకు పెట్టాను. ఇల్లు ఒక్కరి పేరున ఉంటేగాని ఇవ్వమంటున్నారు. అందుకని అక్క సంతకం" అన్నాడు తమ్ముడు.

"హక్కు విడుదల పత్రం" అన్నాడు లేఖరిగారు, అప్పటికే కంప్యూటర్లో పాత పత్రం ఒకటి తెరిచి పేర్లు మారుస్తూ. "అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య ఇదే తేలిక."

"మరి నా వెనక గది?" అని అడిగింది పెద్దావిడ. గట్టిగా కాదు, బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

"గది ఎక్కడికి పోతుందక్కా? దానికేమైనా కాళ్ళున్నాయా?" అని నవ్వాడు తమ్ముడు. ఆవిడా నవ్వింది. ఆ వెనక గదిలోనే ఆవిడ పడక, వంట, ఇస్త్రీ బల్ల, అన్నీ.

ఎక్స్‌ప్రెస్సమ్మ చదివింది. హద్దుల దగ్గర నిదానించింది. "ఉత్తరాన సందు" అనగానే పెద్దావిడ మొహం విచ్చుకుంది. "మా సందే! కుళాయి ఉండేది అటే" అంది. ఆ తర్వాత రెండు పేజీలు గాలికి ఎగిరినట్టు ఎగిరిపోయాయి. చివరి మాట అయ్యాక తమ్ముడు జేబులోంచి కలం తీశాడు.

సంతకాలకు ముందు ఎదురుగా ఆఫీసులో వేలిముద్రలు సరిచూస్తారు. అక్కడ వచ్చింది చిక్కు. యంత్రం మీద పెద్దావిడ ఏ వేలు పెట్టినా ఎర్రదీపమే వెలిగింది. బొటనవేలు తుడిచి పెట్టింది, చూపుడువేలు తడిపి పెట్టింది. ఏళ్ళ తరబడి బ్లీచింగు నీళ్ళలో నాని నాని వేళ్ళు గాజులా నున్నగా అయిపోయాయి, గీతలన్నవే లేవు. "వేళ్ళెక్కడ పోగొట్టుకున్నారమ్మా?" అన్నాడు గుమస్తా. ఆస్పత్రి నుంచి గుర్తింపు కాగితం తెచ్చుకుని గురువారం రమ్మన్నాడు. తమ్ముడు విసుక్కుంటూ స్కూటరు తీశాడు. పెద్దావిడ తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంటూ వెనక కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం లేఖరిగారు భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఎక్స్‌ప్రెస్సమ్మ డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నదో లేదో, గుమ్మంలో బ్లీచింగు వాసన వేసింది. తలెత్తితే పెద్దావిడ, డ్యూటీ బట్టల్లోనే ఉంది.

"తిను తల్లీ, తిను. నేను కూర్చుంటాను" అని బెంచీమీద కూర్చుంది. ఎదురుగా మనిషిని పెట్టుకుని తినడమెలా? ఎక్స్‌ప్రెస్సమ్మ డబ్బా మూసేసింది.

"ఆ కాగితం ఇంకోసారి చదువుతావా?"

"నిన్న చదివాను కదండీ."

"చదివావు, బాగా చదివావు. మా ఇంటి హద్దులు వింటుంటే ముచ్చటేసింది. మిగతాది ఒక్క ముక్క చెవికెక్కలేదు. రాత్రి పడుకుని ఏం విన్నానా అని గుర్తుచేసుకుంటే సందూ, కుళాయీ తప్ప ఏమీ లేదు."

ఎక్స్‌ప్రెస్సమ్మకు మొహం వేడెక్కింది. లేఖరిగారు వచ్చాక రండి అందామనుకుంది. ఇలాంటప్పుడు ఎప్పుడూ అదే అంటుంది. కాని ఆవిడ ఆ పని మధ్యలో, అంతదూరం నడిచి వచ్చినట్టుంది, చీర అంచు తడి ఇంకా ఆరలేదు. పత్రం బయటికి తీసింది. ఈసారి పదం పదంగా చదివింది.

"సగం అవిభక్త భాగం అంటే?"

"ఇంకా పంచుకోని సగం అండీ."

"అంటే వెనక సగమేగా? నేను ఉండేది వెనకే."

ఎక్స్‌ప్రెస్సమ్మ తల అడ్డంగా ఊపింది. "వెనకా కాదు, ముందూ కాదు. పంచుకునేదాకా ఇల్లంతట్లోనూ సగం మీది, సగం ఆయనది. ముందుగదిలోనూ మీకుంది, మీ గదిలోనూ ఆయనకుంది."

పెద్దావిడ ఇన్నేళ్ళూ తను వెనక గది మనిషిననే అనుకుంది. తమ్ముడు ఇచ్చిన గది అనుకుంది. "ముందుగదిలో కూర్చోవాలంటే మరదలు ఏమనుకుంటుందోనని గుమ్మంలోనే నిలబడి టీవీ చూసేదాన్ని" అంది, తనలో తను.

"విడుదల అంటే?"

"ఆ సగాన్ని వదిలేసి ఆయనకు ఇచ్చెయ్యడం. మళ్ళీ అడగడానికి ఉండదు."

"గది?"

"గదితో సహా. తర్వాత మీరు అక్కడ ఉన్నా, ఆయన ఉండనిస్తే ఉన్నట్టు. ఇల్లు బ్యాంకులో తాకట్టు పెడతారు. ఆయన వాయిదాలు కట్టలేకపోతే బ్యాంకు మొత్తం ఇల్లు తీసుకుంటుంది. మీ గది వేరుగా చూడదు."

పెద్దావిడ బల్లమీద కాగితాన్ని అరచేత్తో నిమిరింది, ముడతలేవో ఉన్నట్టు. "మావాడు అంత దుర్మార్గుడు కాదమ్మా. చదువు అబ్బలేదు వాడికి. ఈ మాటలన్నీ వాడికి మాత్రం ఏం తెలుస్తాయి? ఎవడో సంతకం కావాలన్నాడు, వీడు నన్ను తీసుకొచ్చాడు."

"కావచ్చు" అంది ఎక్స్‌ప్రెస్సమ్మ. కాస్త ఆగి, అనకూడదనుకుంటూనే అనేసింది. "ఒక దారుందండీ. మీరు బతికున్నంతకాలం ఆ గదిలో ఉండే హక్కు మీదేనని ఒక వాక్యం రాయించుకోవచ్చు. జీవితకాల నివాస హక్కు అంటారు. ఇల్లు ఆయన పేరునే ఉంటుంది, మిమ్మల్ని మాత్రం ఎవరూ కదల్చలేరు. రాయమని మీరే అడగాలి."

"వాణ్ణి అడగాలా?"

"అడగాలి."

"వాణ్ణి నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు" అంది పెద్దావిడ. లేచి, బెంచీమీద తను కూర్చున్నచోట తడి అంటిందేమోనని కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎక్స్‌ప్రెస్సమ్మ కూరగాయలు తరుగుతూ సంగతంతా మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా వాగే జనాన్ని మోసి మోసి, ఇంటికొచ్చాక రెండు మాటలకన్నా ఎక్కువ మాట్లాడని మనిషి.

"వాళ్ళ ఇంటి గొడవ నీకెందుకు?" అన్నాడు.

"అడిగింది, చెప్పాను."

"మీ లేఖరికి తెలిస్తే?"

తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పక్క లేఖరి గదిలో వేగంగా చదవగలిగే కుర్రపిల్ల ఒకతె అప్పుడే తయారైంది. తన గొంతు ఈమధ్య సాయంత్రానికల్లా బొంగురుపోతోంది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు అని మనసుకు సర్దిచెప్పుకుంది. మర్నాడంతా అదే మాట చెప్పుకుంటూ గడిపింది.

గురువారం గదిలో కాలు పెట్టే సందు లేదు. మంచిరోజని ఎవరు చెప్పారో గాని జనం విరగబడ్డారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దావిడ చేతిలో ఆస్పత్రి కాగితం ఉంది. ఆఫీసులో ఈసారి ఏ చిక్కూ రాలేదు. సాక్షులిద్దరూ బయట టీ తాగుతున్నారు, పిలిస్తే వచ్చి సంతకం పెట్టిపోతారు. పత్రం మాత్రం మొన్నటిదే, ఒక్క అక్షరం మారలేదు. అడగలేదన్నమాట, అనుకుంది ఎక్స్‌ప్రెస్సమ్మ. ఉసూరుమనిపించింది. వెంటనే, పోనీలే, నా పీడ విరగడైంది అని కూడా అనిపించింది.

"కానివ్వు అమ్మాయ్, బండి కదిలించు. బయట ఇంకా ముగ్గురున్నారు" అన్నాడు లేఖరిగారు.

ఆమె పెద్దావిడ కళ్ళలోకి చూడకుండా మొదలుపెట్టింది. పేర్లు అయ్యాయి. పేజీ తిప్పబోతుంటే నున్నటి వేళ్ళున్న చెయ్యి ఒకటి వచ్చి కాగితం మీద పడింది.

"ఆగు తల్లీ. మొన్న నాకు చదివినట్టు చదువు."

లేఖరిగారు ఎక్స్‌ప్రెస్సమ్మవైపు ఒక చూపు చూసి, పెద్దావిడవైపు తిరిగాడు. "అమ్మగారూ, మీకు సోమవారమే వినిపించాం కదా."

"నేను విన్నానండీ. వాడు వినలేదు."

"ఆస్తి పుచ్చుకునేవాళ్ళకు చదివే పద్ధతి లేదమ్మా. ఇచ్చేవాళ్ళు వింటే చాలు."

"నేనే కదా ఇచ్చేది. నా ముచ్చట అనుకోండి. వాడు కూడా వినాలి."

"నాకెందుకక్కా? రాయించింది నేనే కదా" అన్నాడు తమ్ముడు, నవ్వబోతూ.

"రాయించావు సరే. కాసేపు కూర్చో నాన్నా."

అతను కూర్చున్నాడు. లేఖరిగారు గడియారం చూశాడు. చదవమనలేదు, వద్దనలేదు. ఎక్స్‌ప్రెస్సమ్మ గ్లాసెడు నీళ్ళు తాగింది. ఉద్యోగం పోతే పోతుందన్న ధైర్యమేమీ ఆమెకు కలగలేదు. పోతుందేమోనన్న భయంతోనే, నిదానంగా చదవడం మొదలుపెట్టింది.

"సదరు ఇంటిలో నాకు గల సగం అవిభక్త భాగమును..."

"అంటే నీ ముందుగదిలో కూడా సగం నాదట" అంది పెద్దావిడ తమ్ముడితో. కొట్లాటగా కాదు, చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టు చెప్పింది.

"ఆఁ" అన్నాడతను.

"ఎట్టి ప్రతిఫలమూ పుచ్చుకొనకుండా, కేవలం ప్రేమాభిమానములతో..."

"ఇది నిజమే. కానివ్వు."

"నీకు విడుదల చేయడమైనది. నేటి నుండి సదరు ఇంటిని నీ ఇష్టానుసారం అనుభవించుటకు, పడగొట్టుటకు, తిరిగి కట్టుటకు, తాకట్టు పెట్టుటకు..."

"పడగొట్టడానికా?"

"అన్ని పత్రాల్లోనూ ఉండే మాటేనక్కా అది" అన్నాడు తమ్ముడు.

"నా గది పడగొడతావా?"

గోటికి అంటిన రంగును ఇంకో గోటితో గీక్కున్నాడు. "పైకి మెట్లు వెయ్యాలి కదా. అటు నుంచైతేనే వస్తాయన్నాడు ఇంజనీరు."

"ఎప్పుడన్నాడు?"

"ప్లాను గీసినప్పుడు."

"మరి నేను?"

"సర్దుకుంటాం అక్కా. హాల్లో ఏదో మూల... నిన్ను రోడ్డుమీద వదిలేస్తానా?"

ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్ళవుతున్నారు, దుకాణం మునుపటిలా నడవడం లేదు, పై అంతస్తు అద్దెకిస్తేగాని గడవదు. ఇవన్నీ అతని మొహంలో కనబడుతూనే ఉన్నాయి. అతన్ని చూసినా ఎక్స్‌ప్రెస్సమ్మకు జాలే వేసింది.

పెద్దావిడ కొంగు చివర మడత పెట్టింది. "నేను ఉన్నంతకాలం ఆ గదిలో ఉండొచ్చని ఒక్క ముక్క రాయించవచ్చట కదా. మెట్లు ఇంకోవైపు నుంచి వేసుకుని."

"అలా రాస్తే బ్యాంకువాళ్ళు ఒప్పుకోరక్కా. అడిగాను."

ఆ మాట అన్నాకగాని తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. తెలిసి తలదించుకున్నాడు.

"అడిగావా?" అంది పెద్దావిడ.

బయట ఎవరో వరస తప్పారని అరుస్తున్నారు. లేఖరిగారు అవసరం లేకపోయినా బల్లమీది రబ్బరు స్టాంపులన్నీ వరసలో పెట్టాడు.

"అయితే ఇందులో ఉన్నదంతా నీకు ముందే తెలుసు."

"చెబితే బాధపడతావని..."

"ఇప్పుడు నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. చెప్పు, సంతకం పెట్టమంటావా?"

అతను లేఖరిగారివైపు చూశాడు, గుమ్మంవైపు చూశాడు, అక్కవైపు మాత్రం చూడలేదు. ఎక్స్‌ప్రెస్సమ్మ చేతిలో కాగితం చెమటకు మెత్తబడుతోంది. వద్దనవయ్యా, ఒక్కసారి వద్దను, అని లోపల్లోపల బతిమాలుకుంది.

"పెట్టక్కా" అన్నాడు తమ్ముడు. "వారం దాటితే లోను పోతుంది."

పెద్దావిడ కలానికి మూత పెట్టింది. బల్లమీద అతనివైపు జరిపింది.

"పెట్టను" అంది.

ఆమె గొంతు పెంచలేదు కాబట్టి అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ఇంతదాకా వచ్చి, ఇంతమందిలో నా పరువు తీస్తావా?" అన్నాడు. "ఎవరు ఎక్కించారు నీకిదంతా?" అన్నాడు. లేఖరిగారు మధ్యలో వచ్చి, ఇంటికెళ్ళి నిదానంగా మాట్లాడుకోండని భుజం తట్టాడు. తమ్ముడు కుర్చీని తోసి బయటికి వెళ్ళిపోయాడు. స్కూటరు మోత వినిపించింది, వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

"నువ్వు రేపు కాస్త ముందుగా రా అమ్మాయ్, మాట్లాడాలి" అన్నాడు లేఖరిగారు. సంతకం కాని పత్రాన్ని చించి బుట్టలో వేసి, తరవాతివాళ్ళను పిలవడానికి వాకిట్లోకి వెళ్ళాడు. ఏం మాట్లాడతాడో ఆమెకు తెలుసు. ఇంటికెళ్ళి మొగుడికి ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించింది.

పెద్దావిడ మాత్రం కదల్లేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి. ఎక్స్‌ప్రెస్సమ్మ లేచి, తన గ్లాసులోనే నీళ్ళు పోసి ఇచ్చి, పక్కన కూర్చుంది.

"ఏడవకండమ్మా. మంచిపని చేశారు. మీ సగం మీకు దక్కింది" అంది. అంటుంటేనే ఆ మాట ఎంత చప్పగా ఉందో ఆమెకే తెలిసింది. సాయంత్రం ఈవిడ ఆ ఇంటికే వెళ్ళాలి, ఆ తమ్ముడు తిరిగే ఇంట్లోనే పడుకోవాలి.

"సగానికి కాదు తల్లీ నేను ఏడ్చేది" అంది పెద్దావిడ. "ఇవాళ సంతకం పెట్టేద్దామనే వచ్చాను. వాడికి తెలీదు, తెలియక అడుగుతున్నాడు అనుకున్నాను. అది తేల్చుకుందామనే నీ చేత చదివించాను. 'ఇదంతా నాకు తెలీదక్కా' అని ఒక్క అబద్ధం చెప్పాడా, కళ్ళు మూసుకుని ఇచ్చేసేదాన్ని. మెట్లకింద పడుకునేదాన్ని. ఆ ఒక్క అబద్ధమూ వాడి నోటికి రాలేదమ్మా."

వాకిట్లోంచి లేఖరిగారు పిలుస్తున్నాడు. ఎక్స్‌ప్రెస్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.